డెడ్‌వుడ్ ధారావాహిక: గ్రామ్యోక్తి విచారము

రూపకములందలి పాత్రోచితభాషను గూర్చి పరిశోధనము సాగించుచున్న మా విద్యార్థి యొకడు కొంతకాలము క్రిందట మా యొద్దకు వచ్చి, 'డెడ్‌వుడ్' అను అమెరికా టెలివిజన్ ధారావాహికను తన వ్యాసమున ఉదాహరణముగా గ్రహింపవచ్చునా యని యడిగెను. అప్పటికి మేము దానిని బొత్తిగా ఎఱుగమని చెప్పుట సత్యము గాదు. కొన్ని యేండ్లకు ముందు మొదటి భాగమును ఇంటియందు పెట్టి, పదునైదు నిమిషములు గడవకముందే ప్రక్కగదిలోనివారికి వినబడునేమో యని ధ్వనిని తగ్గించి, తుదకు కట్టివేసితిమి. అందలి పాత్రల నోట వెలువడు బూతులు అట్టివి. కావున విద్యార్థికి 'వలదు' అనుట మాకు సులభమే. కాని పావుగంట చూచి విడిచిన కృతిపై తీర్పు చెప్పుట న్యాయమా యను శంక కలిగినది. ఆ శంకయే మమ్ము మొదటినుండి తుదివరకు చూడజేసెను. చూచిన పిదప మాకు తోచిన నిర్ణయమును, దానికి గల హేతువులను ఇచట నివేదించుచున్నాము.

ముందుగా కృతిస్వరూపము. హెచ్.బి.ఓ. అను చందా ప్రసారసంస్థ ఈ ధారావాహికను 2004 మార్చి 21 మొదలు 2006 ఆగస్టు 27 వరకు ప్రసారము చేసెను. ఇందు మూడు పర్వములు కలవు; వారు సీజను అనుదానిని మేము పర్వమనుచున్నాము. పర్వమునకు 12 చొప్పున మొత్తము 36 భాగములు. చాల యేండ్లు గడచిన పిదప 2019 మే 31న ఒక చలనచిత్రము దీనికి ఉపసంహారముగా వెలువడెను. కర్త డేవిడ్ మిల్చ్. ఇతడు యేల్ విశ్వవిద్యాలయమున చదివి, రాబర్ట్ పెన్ వారెన్ కవికి శిష్యుడై, అచటనే సాహిత్యమును బోధించి, తరువాత టెలివిజన్ రచనకు మఱలినవాడు. మొదట ఇతడు వ్రాయదలచినది నీరో చక్రవర్తి కాలమున రోమునగర రక్షకభటుల కథ. ఆ సంస్థ అప్పటికే రోమును గూర్చి వేఱొక ధారావాహికను సిద్ధపఱచుచుండుటచే కథాస్థలమును మార్చెను గాని తన ప్రశ్నను మార్చలేదు. చట్టము లేని చోట మనుష్యులు తమలో తాము ఒక క్రమమును ఎట్లు కల్పించుకొందురనునదే యా ప్రశ్న.

డెడ్‌వుడ్ కల్పితగ్రామము గాదు. దక్షిణ డకోటా రాష్ట్రమున, నల్లకొండల నడుమ, నేటికిని ఉన్న పట్టణము. 1868 నాటి ఫోర్ట్ లారమీ సంధిలో ఆ కొండలు లకోటా జాతివారివని అమెరికా ప్రభుత్వమే యొప్పుకొనెను. 1874లో కస్టర్ నడపిన సైనికయాత్ర వలన అచట బంగారము కలదని వెల్లడి కాగా, జనులు సంధిని లెక్కసేయక చొరబడిరి. అందుచే 1876లో ఏర్పడిన యీ శిబిరము చట్టరీత్యా ఉండనే కూడదు. అచట గని హక్కు చెల్లునా, హత్యకు శిక్ష కలదా, క్రయపత్రమునకు విలువ యెంత యను ప్రశ్నలకు ప్రమాణముగా చూపదగినది ఏదియు లేదు. కథయంతయు ఈ శూన్యమునుండి పుట్టినది.

ప్రథమ దృశ్యమే దీనికి నిదర్శనము. అది డెడ్‌వుడ్‌లో గాక మాంటానాలో జరుగును. సేత్ బులక్ అను రక్షకాధికారి ఉద్యోగము వదలి డెడ్‌వుడ్‌కు పోవుటకు బండి కట్టుకొని యున్నాడు. చెఱసాలలో గుఱ్ఱపుదొంగ యొకడు కలడు. వానిని లాగికొనిపోయి చంపుటకు త్రాగిన గుంపు వచ్చినది. బులక్ గుంపునకు లొంగడు, దొంగను విడువడు. చెఱసాల వాకిటనే, చట్టము పేర, తన చేతులతో వానిని ఉరిదీయును. ఎత్తు చాలక ప్రాణము పోకపోగా తానే వాని కాయమును పట్టి క్రిందికి లాగును. అంతకుముందు వాడు చెప్పిన కడపటి మాటలను వ్రాసికొని, చేర్చవలసిన చోటికి చేర్చుమని ఆ గుంపులోని వానికే యిచ్చును. గుంపు చేయదలచిన దానికిని బులక్ చేసిన దానికిని ఫలము ఒక్కటే, మనిషి చచ్చెను. భేదమంతయు విధియందు, మాటలను వ్రాసికొనుటయందు ఉన్నది. మేము మొదటిసారి కట్టివేసినది ఈ దృశ్యము ముగిసిన కొంతసేపటికే. చెవిలో పడిన బూతులు మాత్రమే మిగిలి, చూచినది మనసునకు పట్టలేదు.

హికాక్ వధ కూడ ఇట్టిదే. తుపాకిప్రయోగమున ప్రసిద్ధుడైన వైల్డ్ బిల్ హికాక్‌ను 1876 ఆగస్టు 2న డెడ్‌వుడ్‌లో పేకాడుచుండగా జాక్ మెకాల్ వెనుకనుండి కాల్చి చంపెను. ఇది చరిత్ర. శిబిరవాసులు తామే న్యాయసభ కూర్చి మెకాల్‌ను నిర్దోషి యనిరి. ఆ సభకు అధికారము లేదని చెప్పి యాంక్టన్‌లో మరల విచారించి 1877 మార్చి 1న ఉరితీసిరి. ధారావాహిక ఈ తీర్పునకు ఒక హేతువును కల్పించినది. జెమ్ అను పానశాలకును వేశ్యాగృహమునకును యజమానియైన ఆల్ స్వేరెంజన్, దోషియని తీర్పు చెప్పినచో శిబిరము తన్ను తాను రాజ్యముగా భావించుకొనుచున్నదని వాషింగ్టన్‌లోని వారు కినియుదురని న్యాయాధిపతిని హెచ్చరించును. చట్టమును గూర్చి ఇంతటి సూక్ష్మమును ఎఱిగినవాడు ఆ యూరి గొప్ప హంతకుడు.

ఇక భాష. వెస్టర్న్ అను కథాజాతి తెలుగువారికి క్రొత్త గాదు; 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చిననాటినుండి టోపీయు గుఱ్ఱమును మనకు పరిచితములే. ఆ జాతి నాయకుడు మితభాషి. పది మాటలు చెప్పవలసిన చోట తుపాకి చెప్పును. డెడ్‌వుడ్ పాత్రలు ఇందుకు విపరీతము. వారందఱును వక్తలు. దీర్ఘవాక్యములు, వాక్యములో ఉపవాక్యములు, క్రియ ఎచటనో తుదిని వచ్చుట, నడుమ నడుమ బూతులు: ఇట్టి శైలిని మేము వేఱొక టెలివిజన్ కృతిలో వినియుండలేదు. మొదట రెండు భాగములు ఇంగ్లీషు శీర్షికలను క్రింద చదువుకొనుచు చూడవలసి వచ్చినది. ఇంగ్లీషు బాగుగ వచ్చిన మిత్రులును అట్లే చూచితిమనిరి.

ఈ బూతులు ఆ కాలమున నిజముగా వాడబడినవా? ఇది విజ్ఞులు మొదట అడుగు ప్రశ్న. ఇప్పుడు వినబడు రూపమున కాదు. కర్త దీనిని దాచలేదు. నాటి గనికార్మికుల తిట్లలో అధికభాగము దైవనిందకు సంబంధించినవి. నరకమును, దేవుని పేరును వ్యర్థముగా పలుకుట ఆనాటి క్రైస్తవసమాజమున చెవులు మూసికొనవలసిన పాపము. నేటి శ్రోతకు అవియే హాస్యముగా వినబడును. అందుచే పలుకులను మార్చి, నాటి శ్రోతకు తగిలిన దెబ్బ నేటి శ్రోతకు తగులునట్లు చేయుటకు శరీరసంబంధమైన నేటి బూతులను కర్త వాడెను.

ఈ సమాధానమును తెలుగువారు సులభముగా గ్రహింపగలరు. 'నీ జిమ్మడ' యనుట, 'నీ దుంప తెగ' యనుట మన పల్లెలలో శాపములు. రెండవది వంశము మొదలంట నశింపవలెనని కోరుట. ఇప్పుడు అవ్వ మనుమని బుగ్గ గిల్లుచు దానినే ముద్దుమాటగా అనుచున్నది. చలనచిత్రమున హాస్యగాడు పలికినచో జనులు నవ్వుదురు. ఒక చారిత్రక నవలాకారుడు నూఱేండ్ల నాటి జగడమును వర్ణించుచు ఈ పలుకునే యథాతథముగా వాడినచో శబ్దము యథార్థమగును గాని జగడము అసత్యమగును. శబ్దమును నిలిపి అర్థమును విడుచుటయా, అర్థమును నిలిపి శబ్దమును విడుచుటయా యనునది అనువాదకులకు నిత్యసమస్య. మిల్చ్ కాలమునుండి కాలమునకు అనువదించుచున్నాడు. ఆతడు రెండవ మార్గమును అవలంబించెను. దీనిని కాలదోషమని త్రోసిపుచ్చువారు, నాటకమున 1876 నాటి తిట్లే వినబడి ప్రేక్షకులు నవ్వినచో ఏమనియుందురో ఊహింపవలెను.

అయినను సమర్థనము ఇంతటితో ముగియదు. దెబ్బ తగులవలసిన అవసరమేమి? మన లాక్షణికులు గ్రామ్యమును, అశ్లీలమును దోషములలో చేర్చిరి. లజ్జ, జుగుప్స, అమంగళము అని అశ్లీలమునకు మూడు ముఖములు చెప్పిరి. కాని వారే ఆనందవర్ధనుని మార్గమున దోషములను నిత్యములు, అనిత్యములు అని విడదీసి, మమ్మటుడు అధమపాత్రల వచనమున గ్రామ్యము గుణమే యగునని యంగీకరించెను. మా విద్యార్థి ఈ సూత్రమును పట్టుకొని వచ్చెను: పానశాలలోని రౌడీలు అధమపాత్రలు, కావున వారి బూతులు గుణము. ఇది సరిపోవునని మేమును మొదట అనుకొంటిమి. చూచుచున్న కొలది ఇది చాలదని తోచినది. ఏలయన సూత్రము ప్రకారము ఉత్తములకు సంస్కృతము, అధములకు ప్రాకృతము. భాషను బట్టి పాత్రస్థాయి తెలియవలెను. ఈ కృతిలో ఆ లెక్క తలక్రిందు. మిక్కిలి బూతులాడు స్వేరెంజన్ మిక్కిలి సంస్కారవంతమైన వాక్యనిర్మాణము కలవాడు. రాజ్యాంగమును, పురపాలనమును, మనుష్యుల లోభమును గూర్చి అతని మాటలలో గల నిశితత్వము ఊరిలో మఱెవ్వరికిని లేదు. అతడు ఒంటరిగా పలుకు దీర్ఘస్వగతములు కొన్ని, పెట్టెలో దాచిన ఖండితశిరస్సును సంబోధించి చెప్పునవి. జుగుప్సతో మొదలై ఆత్మపరీక్షతో ముగియును. ఆ పాత్రను ధరించిన ఇయన్ మెక్‌షేన్‌కు 2005లో గోల్డెన్ గ్లోబ్ పురస్కారము లభించుట ఉచితమే.

రెండవ పర్వమున వచ్చు వుల్కాట్‌ను దీనికి ప్రక్కన నిలుపవలెను. అతడు గనుల యజమాని జార్జ్ హర్‌స్ట్‌కు భూగర్భశాస్త్రజ్ఞుడు. మృదుభాషి, శుభ్రమైన దుస్తులు, ప్రతిమాటయు తూచినట్లుండును. ఒక రాత్రి ముగ్గురు స్త్రీలను గొంతుకోసి చంపువాడు అతడే. వేల యెకరాల గనిహక్కులను పుకారులు పుట్టించి కారుచౌకగా కొనువాడును అతడే. బూతు వినగానే ధ్వనిని తగ్గించిన మేము వుల్కాట్ మాటలకు ధ్వనిని తగ్గింపలేదు. ఈ సంగతి మాకు భాగము ముగిసిన తరువాత గాని తట్టలేదు. మా చెవికి ఏది అశ్లీలమో మేము ముందే నిర్ణయించుకొని యుంటిమి.

బూతు ఇందు అలంకారముగా గాక వ్యవహారమునకు సాధనముగా ఉన్నదనుటకు వూ అను చీనా వర్తకుని మించిన ఉదాహరణము లేదు. అతనికి వచ్చిన ఇంగ్లీషు మాటలు వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అందు ముఖ్యములు రెండు: వంకరగా పలుకు స్వేరెంజన్ పేరు, ఒక బూతు. తన సరకు దోచుకొని మనుష్యులను చంపిన దొంగలను గూర్చి ఫిర్యాదు చేయుటకు వచ్చి, కాగితముపై బొమ్మలు గీసి, ఆ బూతునే స్వరభేదములతో మరల మరల పలుకుచు, ఎవరు, ఎందఱు, ఏమి చేసిరి అను సమస్తమును బోధపఱచును. ఒకే శబ్దము కర్తగా, కర్మగా, ప్రశ్నగా, దుఃఖముగా మాఱును. కాకువును బోధించు అధ్యాపకులు ఈ దృశ్యమును చూడక పోరాదు. మేము చాలసేపు నవ్వితిమి. దృశ్యము ముగియునప్పటికి నవ్వు నిలువలేదు.

ఈ బూతుల నడుమ పురము పుట్టుట ఈ కృతియొక్క అసలు కథ. మొదటి పర్వము ఆఱవ భాగమున మసూచి వ్యాపించును. టీకామందు తెప్పింపవలెను, రోగులకు గుడారము వేయవలెను, పత్రికలో ప్రజలు బెదరకుండునట్లు వార్త వ్రాయవలెను. ప్రభుత్వము లేదు. స్వేరెంజన్ తన పానశాలలోనే పెద్దలను కూర్చును. సభకు తగిన మర్యాద యుండవలెనని అతని పరిచారకుడొకడు డబ్బాలోని పీచిపండ్లను గిన్నెలలో పెట్టును. అంతకుముందు రాత్రి అదే బల్లపై ఏమి జరిగినదో ప్రేక్షకునకు తెలియును. కొన్ని భాగములు గడచిన తరువాత పురపాలక సంఘ మేర్పడినపుడును ఆ పండ్లే ప్రత్యక్షమగును. నగరపిత పదవికి హోటలు యజమాని ఫార్నమ్ తానే ముందుకు వచ్చును. వానిని మించిన లోభియు పిఱికివాడును ఆ యూర లేడు. సంఘము, ప్రభుత్వము అనునవి సజ్జనులు కూడి చేసిన ప్రతిజ్ఞలు గావనియు, వ్యాపారము చెడకుండుటకు దుర్జనులు కుదుర్చుకొన్న ఒడంబడికలనియు ఇందు చూపిన రీతి మాకు మిక్కిలి నచ్చినది. తన యూరి పురపాలక సభను ఒక్కసారియైన చూచినవానికి ఇది అతిశయోక్తి యనిపింపదు.

కరుణమునకు లోటు లేదు. మెదడున గడ్డ పుట్టి క్రమముగా మతి తప్పుచున్న మతబోధకుడు స్మిత్ కథ మొదటి పర్వమున సాగును. చారిత్రకుడైన స్మిత్ 1876 ఆగస్టులో త్రోవలో హతుడాయెను, గడ్డ కల్పితము. అతని బాధను చూడలేక వైద్యుడు కాక్రన్ దేవుని ముందు మోకరిల్లి జగడమాడును; పర్వాంతమున స్వేరెంజన్ ఆ రోగికి ఊపిరాడకుండ చేసి బాధనుండి విముక్తి కలిగించును. హత్యయు దయయు ఒక్క చేతనే జరిగినవి. వ్యాఖ్య చేయువారెవ్వరును అచట లేరు.

ఇక లోపములు. ఇవి చిన్నవి గావు. మొదటి భాగమునందే స్వేరెంజన్ ట్రిక్సీ అను స్త్రీని కొట్టి మెడపై కాలు మోపును. జెమ్ స్త్రీల దుఃస్థితిని కృతి దాచదు. కాని పురుషుల సంభాషణమునకు వారి నగ్నదేహములను నేపథ్యముగా వాడుకొన్న సందర్భములును కలవు, అందు కొన్నిటికి ఔచిత్యము మాకు కనబడలేదు. చారిత్రకుడైన స్వేరెంజన్ పని యిత్తుమని స్త్రీలను రప్పించి బంధించినవాడని ప్రతీతి. 1877లో తెఱచిన అతని జెమ్‌కు అదియే అపకీర్తి. నటుని ప్రతిభ వలన, స్వగతముల సొగసు వలన, మూడవ పర్వము నాటికి అతడు మనకు ఆప్తుడగును. ఇది కళకు విజయమేమో కాని, ఆ స్త్రీలకు న్యాయమనలేము. మూడవ పర్వాంతమున ట్రిక్సీ ప్రాణమునకు మాఱుగా వేఱొక స్త్రీని చంపి, స్వేరెంజన్ మోకాళ్ళపై కూర్చుండి నేలమీది నెత్తురు కడుగును. కర్తకు ఈ అన్యాయము తెలియునని ఆ దృశ్యము చెప్పుచున్నది. కాని ఆ చచ్చినామె పేరు ఎందఱు ప్రేక్షకులకు జ్ఞాపకమున్నది?

లకోటాల విషయము ఇంకను గొప్ప లోపము. ఎవరి భూమిపై ఈ యూరు వెలసినదో వారు ఈ 36 భాగములలో దాదాపుగా లేరు. బులక్‌తో పోరి చచ్చు వీరుడొకడు, పెట్టెలోని తల యొకటి. ఆ తలయు ఇతరుని స్వగతమునకు శ్రోతయే. 1980లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము నల్లకొండలకు పరిహారము చెల్లవలెనని తీర్పు చెప్పినది. లకోటాలు ఆ ధనమును ముట్టక భూమినే కోరుచున్నారు. చట్టము ఎట్లు పుట్టునని యింత లోతుగా అడిగిన కృతి, ఏ చట్టమును త్రెంచి పుట్టినదని రెండు మూడు మాటలలో దాటివేసినది.

మూడవది అసంపూర్ణత. మూడవ పర్వముతో ప్రసారము నిలిచిపోవుటచే హర్‌స్ట్‌తో ఘర్షణ తెగక మిగిలినది. ఆ పర్వమున నాటకబృందము వారి ఉపకథ ఎచటికిని చేరదు. 1889లో డకోటా రాష్ట్రావతరణ సందర్భమున సాగు చలనచిత్రము కొంత పూరించును గాని, పాతవారిని మరల చూచితిమన్న తృప్తికి మించి దానియందు మాకు విశేషము కనబడలేదు. దానిని వ్రాయుచున్న కాలముననే మిల్చ్ ఆల్‌జైమర్స్ వ్యాధిగ్రస్తుడని 2019లో వెల్లడియైనది. అది తెలిసి చూచినచో ముదిమిని గూర్చిన కొన్ని మాటలు వేఱుగా వినబడును.

ఇన్ని యుండియు చూడదగినదనియే మా నిర్ణయము. రూపకభాషను పరిశీలించువారికి మొదటి రెండు పర్వములు అవశ్యము. మూడవది అవకాశమును బట్టి. మొదటి నాలుగు భాగములు పూర్తిగా చూడక తీర్పు చెప్పరాదు; చెవి అలవాటు పడుటకు అంత కాలము పట్టును. కుటుంబముతో కూర్చుండి చూచునది గాదని వేఱుగా చెప్పనక్కఱలేదు. తరగతిలో చూపవచ్చునా యనుటకు మాకు ఇంకను నిశ్చయము కుదురలేదు. క్రీడాభిరామమును బోధించునపుడు కొన్ని పద్యముల యొద్దకు రాగానే 'ఇవి ఇంటియొద్ద చదువుకొనుడు' అని దాటివేయు అలవాటు మాకు కలదు, మాలో పలువురకును కలదు. ఓరుగల్లు వీధులను చూపుటకు ఆ పద్యములు అవసరమా కాదా యని మేము ఎన్నడును తరగతిలో అడిగి యుండలేదు. వచ్చే సంవత్సరము అడుగవలె ననుకొనుచున్నాము.

మా విద్యార్థి ఇప్పుడు రెండవ పర్వమున నున్నాడు. వూ సంభాషణలను వ్యాసమున ఉదాహరించునపుడు బూతున్న చోట చుక్కలు పెట్టవచ్చునా యని మొన్న వచ్చి యడిగెను. చుక్కలు పెట్టినచో వూ మాటలలో ఒక మనిషి పేరు తప్ప దాదాపు ఏమియు మిగులదు గావున, పెట్టవలదని చెప్పితిమి.